మూడో రోజు పిల్లలు

కనజావాలో మంచు మెత్తగా పడదు,
తడి దుప్పటిలా ఇళ్ల కప్పుల మీద కూలబడుతుంది.
తెల్లవారి ఐదింటికి ఎలుకల గది తలుపు తీసేముందు
ఒకసారి దగ్గుతాను.
పదిహేడేళ్ల అలవాటు,
చెప్పకుండా ఎవరింట్లోకీ వెళ్లబుద్ధి కాదు.

పొట్టు మార్చడం, నీళ్లు పట్టడం,
పుట్టినవాటిని లెక్కపెట్టడం, పోయినవాటిని రాయడం నా పని.
శాస్త్రం హసెబె గారి పని.

ఆ చలికాలం ఆయన మూడో రోజు పిల్లల్ని అడిగారు.
ఎవరో పెద్దలు ఎప్పుడో చేసిందే,
మళ్లీ చేసి చూడాలట.
చిక్కుడు గింజంత ఒళ్లు,
తాగిన పాలు పొట్టలోంచి తెల్లగా కనిపించే వయసు.
మంచుగడ్డే వాటికి మత్తు.
రొమ్ము ఎముక దగ్గర గడ్డిపరకంత గాటు,
సన్నటి గాజు గొట్టంతో థైమస్‌ని పీల్చేశారు.
టి కణాలకి అక్షరాభ్యాసం జరిగే బడి అట అది.

బడి మూతపడితే రక్షణ తగ్గాలి కదా,
ఏ చిన్న జలుబుకో రాలిపోవాలి కదా.
నేను పెట్టెలు రెండేసి సార్లు తుడిచాను.

జలుబు రాలేదు.
మూడు నెలలకి
కొన్నిటికి అండాశయాలు ఆవగింజల్లా ఎండిపోయాయి,
కొన్నిటికి గొంతు గ్రంథి,
కొన్నిటికి కడుపు లోపలి గోడ.
పెట్టెలో పిల్లి లేదు, పురుగు లేదు.
కంచే చేను మేసింది.

ఏడో రోజు కోసినవి మాత్రం నిక్షేపంలా తిరుగుతున్నాయి!
అదే చెయ్యి, అదే గాటు.
మధ్యలో నాలుగు రోజులు.
ఆ నాలుగు రోజుల్లో
బడిలోంచి ఎవరో ఆలస్యంగా బయటికొచ్చారు.

అన్నాళ్లూ అడగాలని తోచని ప్రశ్న అది:
మిగతా ఒళ్లన్నిట్లో
కంచెని మేయనివ్వకుండా పట్టుకున్నది ఎవరని.

కుసునోకి అనే కుర్రాడు, దాణా రసీదు వెనక
పెన్సిల్‌తో గుండ్రాలు గీసి చెప్పాడు.
నియంత్రక కణాలు. పదింట ఒకటి కూడా ఉండవు.
అవి కత్తి దూయవు, కేకలు వేయవు.
కయ్యానికి కాలు దువ్వేవాడి పక్కన కూచుని
వాడి కంచంలో మెతుకులు తామే తినేస్తాయి.
ఉసిగొల్పేవాడి పెదాల మీద వేలు పెడతాయి.
"వీళ్లు మనవాళ్లే, పోనీలే" అంటాయి.
"ఒక్కోసారి కేన్సర్ గడ్డనీ పోనీలే అంటాయి,
అది వేరే తలనొప్పి," అని నవ్వాడు.

వసంతంలో హసెబె గారు
ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఎలుక ప్లీహంలోంచి కణాలు తీసి
థైమస్ లేని కొత్త పిల్లలకి ఎక్కించారు,
రెండు వారాలు నిండకముందే.
నేను రోజూ తూచి రాశాను.
పదకొండు గ్రాములు. పద్నాలుగు. పద్దెనిమిది.
ఆ అంకెలు రాస్తుంటే చెయ్యి వణికింది,
ఎవరికీ చెప్పలేదు.

మా చెల్లి మిత్సుయోకి తొమ్మిదో ఏట
దాహం పట్టుకుంది, కుండలు కుండలుగా.
అమ్మ నా వంక చూసింది.
బీరువా వెనక దాచిన పసుపు డబ్బాలోంచి
చక్కెర బిళ్లలు దానికి పెట్టింది నేనే.
అమ్మ ఏమీ అనలేదు. పోయేదాకా ఏమీ అనలేదు.
యాభై రెండేళ్లు ఆ అనని మాటని మోశాను.

బిళ్లలు కాదు.
క్లోమంలో దాని కాపలావాళ్లే దాన్ని పోల్చుకోలేదు,
పోనీలే అనాల్సినవాళ్లు
ఆ రోజు చాలినంతమంది లేరు, లేదా అలసిపోయారు.
కుసునోకి ఇంత గట్టిగా చెప్పలేదు. నేను చెప్పుకుంటున్నాను.

ఆదివారం మిత్సుయో వచ్చింది.
అన్నం ముందు చొక్కా అంచు ఎత్తి
ఎప్పటిలాగే సూది పొడుచుకుంది.
రసీదు మడత విప్పి, గుండ్రాలు చూపించి
ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక
మళ్లీ మడిచేశాను.

అది చారు ఊదుకుంటూ అడిగింది:
"అక్కా, ఆ పసుపు డబ్బా
ఇంకా ఉందా?"